అచ్చుతప్పు ఇంటిపేరు

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారింది ఫహాహీల్‌లో, నేను నర్సుగా పనిచేసే క్లినిక్‌లో, సత్యప్రసాద్ గారి మోచేతి పైన రబ్బరు పట్టీ బిగిస్తూ ఉండగా.

ఆయన పరగడుపున షుగర్ పరీక్షకు వచ్చాడు. కడుపు ఖాళీగా ఉన్న మనిషి కాసేపు నోరు మూసుకుని కూర్చుంటాడనుకుంటాం. ఆయన ఎడమచెయ్యి నాకిచ్చి, కుడిచేత్తో ఫోన్ పట్టుకుని, క్లినిక్ అంతా వినేలా మాట్లాడుతున్నాడు. కువైట్లో ఆయన నడిపే తెలుగు సాంస్కృతిక సమితి ఒకటుంది. ఏటా పోయినవాళ్ళలో ఎవరో ఒకరికి దండ వేస్తుంది. ఈసారి వంతు వేమవరపు పరంధామయ్యది.

“మా వంశంలో పుట్టిన మహానటుడండీ. నూట పాతికేళ్ళ జయంతి. హాలు బుక్కయింది, బ్యానరయింది, బిర్యానీ కూడా చెప్పేశాం. ఆ తలుపు పద్యం పాడేవాడే దొరకట్లేదు. మాటలున్నాయి గానీ వరస ఒక్కడికీ తెలీదు. గ్రామఫోను ప్లేటు కూడా ఎక్కడా మిగల్లేదుట” అని వాపోతున్నాడు.

ఆ పేరు వినగానే నా చెయ్యి ఆగిపోయింది. “ఆ పద్యం మా ఎలీసమ్మత్తకి వచ్చండి” అనేశాను. అన్నాక సూది గుచ్చాను. ముందు గుచ్చి తర్వాత అని ఉంటే ఆ నొప్పికి వినిపించుకునేవాడు కాదేమో.

పరంధామయ్య మా ముత్తాత. ఊరి బయట మావాళ్ళుండే వేమవరం పేటలో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు నల్లి పరంజ్యోతి. వాళ్ళ నాన్న యోహాను పాలేరు. మిషన్ బడిలో దొరసాని వాయించే హార్మోనియం పక్కన నిలబడి పాట నేర్చుకున్నాడు. ఆ రోజుల్లో నాటకాలకు కంట్రాక్టర్లుండేవారు. పేరున్న నటుల్ని తలా ఒక చోటి నుంచి పోగుచేసి, టౌనుకో రాత్రి ఆడించేవాళ్ళు. అలాంటి కంట్రాక్టరొకడు పదిహేడేళ్ళ పరంజ్యోతి గొంతు విని, ఆడవేషానికి తీసుకుపోయాడు. “పరంజ్యోతి అంటే టిక్కెట్టు తెగదురా, నువ్వు పరంధామయ్యవి” అన్నాడట. కరపత్రంలో వేమవరం పరంధామయ్య అని వేయించాడు. రెండో ఏడు బెజవాడ ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాడు అది వేమవరపు అనుకున్నాడు. అంతే, ఊరిపేరు ఇంటిపేరైపోయింది. ఇంటిపేరు వచ్చాక దాని వెనకాలే ఒక కులం కూడా ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. కంట్రాక్టరు దిద్దించలేదు. ముత్తాత నోరెత్తలేదు.

గొంతు ముదిరాక దేవుడి వేషం ఇచ్చారు. పదకొండేళ్ళు, కాకినాడ నుంచి రంగూన్ దాకా, ఆయనే దేవుడు. స్టేజీ మీదికి వస్తే ఆడవాళ్ళు హారతులిచ్చేవారట. తోటి నటులతో ఒక పంక్తిలో కూర్చుని తింటే, నిజం తెలిసిన రోజున చంపేస్తారని ఆయనకు భయం. దీక్షలో ఉన్నానని చెప్పి, పదకొండేళ్ళూ విడిగా, గోడవైపు తిరిగి తిన్నాడు. జనం దాన్ని నిష్ఠ అన్నారు. ఆ నిష్ఠ గురించి పత్రికల్లో కూడా రాశారట. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.

తర్వాత టాకీలు వచ్చాయి. రెండింట్లో చిన్న వేషాలు వేశాడు. మూడోదాంట్లో, మద్రాసులో, దేవుడి వేషం దొరికింది. సగం సినిమా తీశాక మా వైపు నుంచి ఎవరో షూటింగు చూడ్డానికి వచ్చి, “వీడు మా పేట యోహాను కొడుకు కదా” అన్నాడు. మర్నాటికి ఇంకో నటుడొచ్చాడు. తీసిందంతా మళ్ళీ తీశారు. పద్యాలు మాత్రం ఆయనవే ఉంచుకున్నారు. తెర మీద ఎవడో నోరు కదిపాడు, గొంతు మా ముత్తాతది. ముప్ఫయ్యెనిమిదేళ్ళకు పేటకు తిరిగొచ్చి, మళ్ళీ రంగు పూసుకోలేదు. ఆ సినిమా రీళ్ళు కూడా ఎక్కడో తగలడిపోయాయి. ఆ విషయంలో నాకేమీ బాధ లేదు.

ముసలితనంలో ఆయన పద్యాలన్నీ ఒకే ఒక్క మనిషికి నేర్పాడు. ఆవిడే మా నాన్న చెల్లెలు ఎలీసమ్మ. ఆయన పోయేనాటికి అత్తకు పదేళ్ళు. ఇప్పుడు యాభై ఎనిమిది. పంతొమ్మిదేళ్ళుగా సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పని. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, చాలా మంచిది, అరవదు, కొట్టదు అని చెప్తుంది అత్త. మంచితనానికి ఇక్కడ కొలత అది.

శుక్రవారం మధ్యాహ్నం సత్యప్రసాద్ గారు కీబోర్డు వాయించే అతన్ని వెంటేసుకుని మా ఫ్లాటుకొచ్చాడు. ఫ్లాటంటే నర్సులం నలుగురం ఉండే రెండు గదులు. ఆయన కుర్చీ చివర అంగుళం మేర కూర్చున్నాడు. టీ ఇస్తే షుగర్ అన్నాడు. చక్కెర లేకుండా ఇస్తే ఎసిడిటీ అన్నాడు.

అత్త గోడకు ఆనుకుని నిలబడి పాడింది. దేవుడు మారువేషంలో భక్తుడి గుడిసెకు వచ్చి తలుపు కొడతాడు. లోపలివాడు ఎవరు నువ్వు, పేరు చెప్పు, చెప్తేనే తీస్తానంటాడు. దానికి దేవుడి జవాబు ఆ పద్యం. ఆ నాటకం రాసిందెవరో మాకు తెలియదు. చివరి రెండు పాదాలూ నాకు చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చు:

పేరు నడిగెద వేమిరా పిచ్చివాడ
పిలుచు నోటను బట్టి నా పేరు గలదు

‘గలదు’ దగ్గర రాగం తీస్తుంది అత్త. ఇస్త్రీ చేసీ చేసీ వంగిపోయిన మనిషి, ఆ రాగం తీసేటప్పుడు నిటారుగా నిలబడుతుంది. కీబోర్డు అతను వేళ్ళు ఎత్తేసి వింటూ కూర్చున్నాడు. సత్యప్రసాద్ గారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిజం నీళ్ళే. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడనిది.

“ఎవరు నేర్పారమ్మా?” అన్నాడు.

“మా తాతండి.”

“ఎవరాయన?”

“ఆయనేనండి, పరంధామయ్య గారు. మా నాన్నకి నాన్నండి.”

సత్యప్రసాద్ గారు చిరునవ్వు నవ్వాడు. పిల్లలు వచ్చీరాని మాటలు మాట్లాడితే నవ్వే నవ్వు. “అంటే మీ తాత ఆయన దగ్గర ఉండేవాడన్నమాట. రంగుపెట్టె మోసేవాడా?”

“మొయ్యడవేంటండి? ఆ మొకానికేనండి రంగేసేది.”

నేను ఫోన్ తీసి మొదటి కరపత్రం ఫోటో చూపించాను. వేమవరం పరంధామయ్య అని స్పష్టంగా ఉంది. ఆయన దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూసి, “ఇదేదో అచ్చుతప్పులా ఉందమ్మా” అన్నాడు.

నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. తప్పు ఇంటిపేరై కూర్చుంది, ఒప్పు అచ్చుతప్పయింది. చర్చి రిజిస్టరులో బాప్తిస్మం నమోదు కూడా చూపించాను. పరంజ్యోతి, తండ్రి యోహాను, వేమవరం పేట. పేట అన్న మాట దగ్గర ఆయన చూపు ఆగింది. ఫోన్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని నాకు తిరిగిచ్చాడు.

“ఇవన్నీ రీసెర్చి చెయ్యాల్సిన విషయాలమ్మా. ఇప్పుడంత టైం లేదు. ముందు ప్రోగ్రాం కానీ.”

అత్త గొంతు పెంచలేదు. “పాడతానండి. నాకేం వద్దండి. మా తాత పదకొండేళ్ళు దేవుడి ఏసం కట్టేరు, అన్ని ఊళ్ళు తిరిగేరు, ఒక్క సబలో కూడా ఆయన సొంత పేరు ఇనపళ్ళేదండి. నేను పాడేక, ఆ పేరు నా నోటితో ఒక్కసారి చెప్పుకోనివ్వండి. అదొక్కటేనండి.”

“తప్పకుండా! మైకు మీ చేతికే ఇస్తాం. ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి” అన్నాడు. క్షణం కూడా ఆలోచించలేదు. నేను గెలిచామనుకున్నాను. అంత తేలిగ్గా ఒప్పుకున్నవాణ్ణి అనుమానించాలని ఇరవయ్యేళ్ళ నర్సు ఉద్యోగం నాకు నేర్పలేదు.

ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం సభ. తొమ్మిదింటికల్లా ఇల్లు చేరాలని చెప్పి మామా అత్తను పంపింది. చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, జుట్టుకు నూనె రాసుకుని వచ్చింది అత్త. దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. పద్యం కాదు, చెప్పాల్సిన నాలుగు మాటలు.

హాలు గుమ్మంలోనే వాసనలు ఎదురొచ్చాయి. ఊదు పొగ, మూతపెట్టిన బిర్యానీ ఆవిరి, మూడొందల మంది సెంటు. స్టేజీ వెనక నిలువెత్తు బ్యానరు. ముత్తాతకు మిగిలిన ఫోటో ఒక్కటే, అది కూడా దేవుడి కిరీటంతో ఉంది. అందుకని సమితివాళ్ళు కంప్యూటర్లో కొత్త బొమ్మ చేయించారు. భుజం మీద జరీ కండువా, మెడలో పులిగోరు, మెలితిప్పిన మీసం. మొహం అచ్చం సత్యప్రసాద్ గారి నాన్నదిలా ఉందని ముందు వరుసలో ఎవరో అంటే, ఆయన “రక్తం ఎక్కడికి పోతుంది!” అన్నాడు.

అత్త ఆ బొమ్మ వంక తలెత్తి చూసింది. “ఈయనెవరే?” అంది నాతో.

ఉపన్యాసాలు గంటన్నర సాగాయి. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు. ముత్తాతకు ముప్ఫై ఎకరాల మాగాణి ఉన్నట్టూ, కళ కోసం దాన్ని తృణప్రాయంగా వదులుకున్నట్టూ అక్కడే మొదటిసారి విన్నాను. పదకొండేళ్ళ దీక్ష గురించి కూడా చెప్పారు. పరాన్నం ముట్టని నిష్ఠాగరిష్ఠుడట. గోడవైపు తిరిగి తిన్న ఆ అన్నానికి మూడొందల మంది చప్పట్లు కొట్టారు. అత్త ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది.

“ఇప్పుడు మన ఎలీసమ్మ ఆ అపురూపమైన పద్యం వినిపిస్తుంది” అని పిలిచారు. గారు లేదు. ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు పిలిచాడు.

అత్త పాడింది. అది ఎలా ఉందో చెప్పడానికి నాకు సంగీతం రాదు. ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. బిర్యానీ దగ్గర గరిటెల చప్పుడు ఆగిపోయింది. ‘గలదు’ రాగం అయిపోగానే హాలు దద్దరిల్లిపోయింది. ఆ ఒక్క నిమిషం మాత్రం నాకు ఎవరి మీదా అసహ్యం లేదు.

చప్పట్లు తగ్గేదాకా ఆగి, అత్త మైకు రెండు చేతులతో పట్టుకుంది.

“అందరికీ వందనాలండి. నా పేరు నల్లి ఎలీసమ్మండి. ఈ పద్యం మా తాత నేర్పించేరండి. ఆయన పేరు నల్లి పరంజ్యోతి అండి. వేమవరం పేటండి మాది. యోహాను గారి కొడుకండి. నాటకాల్లో ఏసం కట్టింది ఆయనేనండి. ఆయన పేరు పరంజ్యోతండి.”

ఆ పేరు రెండుసార్లు చెప్పింది. నూరేళ్ళకు ఒక సభలో ఆ పేరు వినపడింది. నేను నా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఎవరైనా లేచి అరుస్తారేమో, కుర్చీలు విసురుతారేమో అనుకున్నాను. విసిరినా బాగుండేది.

సత్యప్రసాద్ గారు మెల్లగా వచ్చి, మైకు అందుకుని, కళ్ళు తుడుచుకున్నాడు.

“విన్నారా! వేమవరపు వారి మనసంటే అదీ! రంగుపెట్టె మోసిన నమ్మినబంటు, ఆ పరంజ్యోతి, అతని మనవరాలిని కూడా పరంధామయ్య గారు తన పక్కన కూర్చోబెట్టుకుని పద్యం నేర్పారు. తాతా అని పిలిపించుకున్నారు. ఈ తల్లి ఈరోజుకీ ఆయన్ని సొంత తాతే అనుకుంటోంది! కులం చూడని మహానుభావుడు! ఆ సేవకుడు పరంజ్యోతిని కూడా ఈ సభ స్మరించుకుంటోంది. ఏదీ, ఒక్కసారి గట్టిగా!”

జనం లేచి నిలబడి కొట్టారు. ముందు వరుసలో ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఎవరో శాలువా తెచ్చి అత్త భుజాల మీద వేశారు.

పోయిన శుక్రవారం నుంచీ సత్యప్రసాద్ గారి కథలో పేరులేని నౌకరు ఒకడున్నాడు. ఇప్పుడు అత్తే ఆ నౌకరుకు పేరు ఇచ్చినట్టయింది. దాచుకుని దాచుకుని తెచ్చిన పేరును, వాళ్ళ అబద్ధంలో ఖాళీగా ఉన్న చోట సరిగ్గా అతికించేసుకున్నారు.

“అది కాదండీ! అబద్ధం! ఆయనే ఈయన!” అని లేచి అరిచాను. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు. పక్క కుర్చీలో ఆవిడ మాత్రం నా మోచెయ్యి తట్టింది. “మీవాళ్ళావిడా అమ్మా? ఎంత కృతజ్ఞతో చూడు, ఇన్నేళ్ళయినా యజమానిని మర్చిపోలేదు. ముబారక్ అల్ కబీర్లో మా వారి బాస్ ఇంట్లో పనిమనిషి కావాలి. ఇలాంటి నమ్మకస్తులు ఎవరైనా ఉంటే చెప్పు” అంది. చెడ్డగా అనలేదు, ఎంతో ఆప్యాయంగా అంది.

అప్పుడు వెనక వరుసల్లోంచి మొదలైంది. “వన్స్ మోర్! వన్స్ మోర్!” హాలంతా అందుకుంది. సత్యప్రసాద్ గారు నవ్వుతూ మైకు మళ్ళీ అత్త నోటి ముందు పెట్టాడు.

పద్యనాటకంలో ఆ మాటకు ఎదురు లేదు. వన్స్ మోర్ అన్నారంటే, కథలో చచ్చిపడ్డ పాత్ర కూడా లేచి పాడి మళ్ళీ చావాల్సిందే. రంగూన్లో ముత్తాత నూట మూడు జ్వరంతో ఈ పద్యమే ఏడుసార్లు పాడాడట. సినిమా నుంచి వెళ్ళగొట్టిన మరుసటేడు, పేటలో కల్లు తాగినవాళ్ళు వెక్కిరింతకు వన్స్ మోర్ అంటే కూడా లేచి పాడాడట. అడిగితే కాదనకూడదని ఒక్కటే నియమం ఆయనకు. ఆ నియమంలోనే పెరిగింది అత్త. మామా ఇంట్లో పిల్లలు అరబ్బీలో మళ్ళీ మళ్ళీ అంటే కూడా చీపురు పక్కన పెట్టి పాడుతుంది.

అత్త హాలు వంక చూసింది. బ్యానరు వంక చూసింది. భుజాల మీది శాలువా తీసి, నాలుగు మడతలు వేసి, ఇస్త్రీ చేసిన బట్టలా చేత్తో నిమిరి, కుర్చీ మీద పెట్టింది.

“ఖలాస్” అంది మైకులో.

జనం పకపకా నవ్వి దానికి కూడా చప్పట్లు కొట్టారు. పల్లెటూరి మనిషి అరబ్బీ ముక్క మాట్లాడటం వాళ్ళకు భలే ముద్దొచ్చింది. అత్త మెట్లు దిగి, నడవలోంచి నడిచి, బయటికి వచ్చేసింది. నేను వెనకాల పరిగెత్తాను. గుమ్మంలో ఎవరో రెండు బిర్యానీ పొట్లాలు చేతిలో పెట్టబోతే తోసేశాను.

సముద్రం రోడ్డు మీద సల్వా బస్సు కోసం నిలబడ్డాం. ఎనిమిది కావస్తోంది. ఉక్కగా ఉంది. అత్త ఏడవడం లేదు. నేనే ఏడుస్తున్నాను.

“నావల్లే అత్తా. నేను నోరు మూసుకుని ఉంటే ఇదంతా జరిగేది కాదు.”

“నువ్వేం చేత్తావే? నువ్వు చెప్పకపోయినా ఆళ్ళు అంతే.”

కళ్ళు తుడుచుకుని ఫోన్ బయటికి తీశాను. “అత్తా, ఆ పద్యం ఇప్పుడే ఇక్కడే పాడు. నేను రికార్డు చేస్తాను. తాత పేరుతో, ఊరు పేరుతో, అన్నీ సరిగ్గా రాసి పెడతాను. వాళ్ళు సభలో తీసింది రేపు పొద్దున్నకల్లా ఊరంతా తిప్పుతారు. మనదొకటి ఉండాలి కదా.”

అత్త నోరు తెరిచింది. ‘పేరు’ అన్న ఒక్క మాట వచ్చింది. ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అక్కడే ఆగింది. మొహం అదోలా పెట్టింది, పాచిపోయిన కూర నాలిక్కి తగిలినట్టు.

“రాదే కేథీ. ఆళ్ళ నోట్లో పడి ఎంగిలైపోయిందే.”

మా పేటలో ఆ మాట మేం ఎన్నడూ ఇంకొకరిని అనలేదు. మమ్మల్ని అన్నవాళ్ళే అందరూ. మా బావి నీళ్ళు ఎంగిలి, మా గ్లాసు ఎంగిలి, మా నీడ కూడా. అత్త ఆ మాట పెద్దగా అనలేదు, తిట్టినట్టూ అనలేదు. జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది.

తర్వాత సంచిలోంచి నీళ్ళ బాటిల్ తీసింది. రోడ్డు పక్కకు వెళ్ళి, నోటినిండా నీళ్ళు పోసుకుని, బాగా పుక్కిలించి, ఇసకలో ఉమ్మేసింది. మళ్ళీ పోసుకుంది. మళ్ళీ ఉమ్మింది. మూడోసారి కూడా. దూరంగా బస్సు లైట్లు కనపడ్డాయి.

“ఇటియ్యత్తా” అని బాటిల్ అందుకుని నేనూ పుక్కిలించాను.